పాదపసేవ



సంస్కృత భాషలో వృక్షానికి ఉన్న అనేక నామాలలో 'పాదపం' ఒకటి. పాదాలతో పానం చేసేది కనుక పాదపం. ఈ వ్యుత్పత్తిని నేను ముప్పది సంవత్సరాల పాటు విద్యార్థులకు బోధించాను. నల్లబల్ల మీద చెట్టు బొమ్మ గీసి, వేళ్ళ వైపు బాణపు గుర్తు వేసి, "పాదైః పిబతి ఇతి పాదపః" అని విగ్రహవాక్యం చెప్పించేవాణ్ణి. ఆ పదార్థం నాకు నిజంగా తెలియదన్న సంగతి మాత్రం, పదవీ విరమణ చేసిన ఆరేళ్ళకు, మా ఇంటి హాలులో ఐదు కుండీలను స్వహస్తాలతో నాశనం చేసుకున్న తరువాత గాని బోధపడలేదు. సాధకులైన పాఠకులకు ఈ ప్రసంగం అప్రస్తుతమని తోచవచ్చు. చివరి వరకు చదివిన పిమ్మట నిర్ణయించవలసిందిగా ప్రార్థన.

మేము నల్లకుంటలో, శంకరమఠానికి నడిచి వెళ్ళగలిగిన దూరంలో, ఒక అపార్ట్‌మెంటు రెండవ అంతస్తులో నివసిస్తున్నాము. పేరులో కుంట ఉన్న పేట ఇది. నేనెరిగిన కాలంలో కుంట మాత్రం లేదు. ఇదే స్థలంలో పూర్వం మా నాన్నగారి పెంకుటిల్లు ఉండేది. వాకిట్లో తులసికోట, బావి ప్రక్కన నందివర్ధనం, గోడవారగా పారిజాతం. ఇప్పుడు మాకు దక్కిన ఆకాశమంతా ఉత్తరపు కిటికీ ఒకటి, తూర్పున మూడడుగుల వెడల్పు గల బాల్కనీ ఒకటి. ఆ కొద్దిపాటి వెలుగులోనే నా సహధర్మచారిణి పదకొండు కుండీలను పోషిస్తూ వచ్చింది. మనీప్లాంటు, స్నేక్ ప్లాంటు, జెడ్ జెడ్ ప్లాంటు, అరెకా పామ్, క్రోటన్లు, ఇవిగాక తెల్లని పడగ వంటి పుష్పం పూసే పీస్ లిల్లీ. ఆ పీస్ లిల్లీ ఆమె ఉపాధ్యాయినిగా విరమించిన నాడు పిల్లలు చందాలు వేసుకొని ఇచ్చినది. తక్కిన పదింటినీ ఏమన్నా సహించేది గాని, దాని కుండీ జరిపితే సహించేది కాదు.

ఇవన్నీ విదేశీయ మొక్కలనీ, పూజకు పనికిరానివనీ నాకొక చిన్నచూపు ఉండేది. విదేశీయమన్న మాట సత్యమే. మనీప్లాంటు జన్మభూమి పసిఫిక్ మహాసముద్రంలోని మొరెయా ద్వీపం. స్నేక్ ప్లాంటుది పశ్చిమ ఆఫ్రికా, జెడ్ జెడ్‌ది తూర్పు ఆఫ్రికా, అరెకా పామ్‌ది మడగాస్కర్, పీస్ లిల్లీ వంశానిది ప్రధానంగా అమెరికా ఖండపు ఉష్ణారణ్యాలు. అయితే అంత దూరం నుండి వచ్చి మన ఇంటిలో నిలిచినవారిని మన శాస్త్రం ఏమని పిలుస్తుందో నాకప్పుడు స్ఫురించలేదు.

క్రిందటి సంవత్సరం జ్యేష్ఠమాసంలో మా అమ్మాయి పురిటికని ఆమె బెంగుళూరు వెళ్ళింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి చెప్పిన మాటలు ఇవి: "ఏమండీ, రోజూ నీళ్ళు పోయకండి. మట్టిలో వేలు పెట్టి చూడండి. తడి తగిలితే వదిలేయండి." నేను తలూపాను.

మరునాటి నుండి నా నియమం ప్రారంభమైంది. స్నానం, సంధ్య, దేవతార్చన ముగియగానే రాగిచెంబుతో జలం తీసుకొని, నామస్మరణ చేస్తూ, పదకొండు కుండీలకూ ఒక్కొక్క చెంబు. ఒక్కనాడు తప్పలేదు. వేలు పెట్టి చూడలేదా అని అడుగుతారేమో. మడితో ఉన్నవాణ్ణి, స్నానానంతరం మట్టిలో వేలు పెట్టడమేమిటని మానుకున్నాను. పైగా పెంకుటిల్లు నాటి తులసికి మా అమ్మగారు ప్రతిదినం నీరు పోయడం కళ్ళారా చూసినవాణ్ణి. ఆ తులసి ఆరుబయట, నిలువెత్తు కోటలో, రోజంతా ఎండలో ఉండేదన్న భేదం నా బుద్ధికి తట్టలేదు. ఆచమనానికి మినపగింజ మునిగేటంత జలం చాలునని కొలత తెలిసినవాణ్ణే, మొక్కకు చెంబెడు ఎందుకని ఆలోచించలేదు.

ఆషాఢం వచ్చింది, వర్షాలు పట్టాయి, గాలిలో తేమ నిండింది. నా చెంబు ఆగలేదు. శ్రావణంలో పీస్ లిల్లీ ఆకులు వాలిపోయాయి. పాపం, దాహమని తలచి సాయంత్రం కూడా ఒక చెంబు పోశాను. అది మరింత వాలింది. జెడ్ జెడ్ కాడలు మొదట పసుపుపచ్చనై, ఒకనాటి ప్రాతఃకాలం మొదలంటా మెత్తబడి ప్రక్కకు ఒరిగాయి. స్నేక్ ప్లాంటు ఆకును పట్టుకుంటే ఊడి చేతిలోకి వచ్చింది. మొదట్లో దుర్వాసన. పదకొండింటిలో ఐదు అట్లా పోయాయి. పీస్ లిల్లీ పోవడానికి సిద్ధంగా ఉంది.

బెంగుళూరు నుండి ప్రతి రాత్రీ ఫోను వచ్చేది. "మొక్కలు ఎట్లా ఉన్నాయి?" అన్న ప్రశ్నకు "బాగానే ఉన్నాయి" అని ఇంచుమించు ఇరవై దినాలు అసత్యం పలికాను. సత్యం గురించి ఉపన్యాసాలు ఇచ్చిన నోటితోనే పలికాను.

చివరకు పీస్ లిల్లీ కుండీని ఆటోలో పెట్టుకొని, రోడ్డు ప్రక్కన మొక్కలమ్మే ఒకతని వద్దకు వెళ్ళాను. అతడు కుండీని తలక్రిందులు చేసి మట్టిగడ్డను బయటకు తీశాడు. వేళ్ళు నల్లగా, జిగురుగా, వ్రేలితో లాగితే పైతొడుగు ఊడివచ్చేటట్లు ఉన్నాయి.

"రోజూ పోస్తున్నరా సార్?"

"పోస్తున్నాను."

"ఎవరు చెప్పిన్రు రోజూ పొయ్యమని? ఇది దూపతోని వాలలే. నీళ్ళల్ల మునిగి పానం పోతున్నది. ఏర్లకు గాలాడాలె గదా."

వేర్లకు గాలి ఆడాలి. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు జలదరించింది. కారణం చెబుతాను.

మహాభారతం శాంతిపర్వంలోని మోక్షధర్మ భాగంలో భృగు భరద్వాజ సంవాదం ఉంది. చెట్లు వినవు, చూడవు, ఆఘ్రాణించవు కదా, వాటిని పాంచభౌతికాలని ఎట్లా అంటారని భరద్వాజుని ప్రశ్న. భృగుమహర్షి ఒక్కొక్క ఇంద్రియానికీ నిదర్శనం చూపిస్తాడు. వేడిమికి ఆకు వాడుతుంది కనుక స్పర్శ ఉంది. లత ఆధారాన్ని వెదకి చుట్టుకుంటుంది కనుక దృష్టి ఉంది. ధూపాలతో రోగం పోయి పుష్పిస్తుంది కనుక ఘ్రాణం ఉంది. పానాన్ని గురించి చెప్పేటప్పుడు మనిషి కలువకాడతో నీటిని పైకి పీల్చే దృష్టాంతం ఇచ్చి, పాదపం పాదాలతో త్రాగుతుందని అంటాడు. అక్కడ ఒక విశేషణం ఉంది: పవనంతో కూడినదై త్రాగుతుందని. ఆ శ్లోకాన్ని నేను తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ప్రతిసారీ ఆ 'పవన' శబ్దాన్ని పాదపూరణంగా భావించి దాటిపోయాను. అక్షరం ముక్క చదవలేదని తానే చెప్పుకున్న మనిషి, చేతిలో కుళ్ళిన వేళ్ళు పట్టుకొని, ఆ పదానికి వ్యాఖ్యానం చెప్పాడు.

తరువాత ఆధునిక గ్రంథాలు చూశాను. మట్టి రేణువుల మధ్య సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. వాటిలో కొంత నీరు, కొంత గాలి నిలుస్తాయి. వేరు కూడా శ్వాసిస్తుంది; దానికీ ప్రాణవాయువు కావాలి. రంధ్రాలన్నిటినీ నీరు ఆక్రమిస్తే ప్రాణవాయువు చొరబడలేదు, ఎందుకంటే గాలిలో కంటే నీటిలో అది సుమారు పదివేల రెట్లు మందగతితో వ్యాపిస్తుంది. ఊపిరాడని వేరును బూజు జాతి సూక్ష్మజీవులు ఆశ్రయిస్తాయి. కుళ్ళిన వేరు నీటిని పీల్చలేదు కనుక ఆకు వాలుతుంది. దాహంతో వాలిన ఆకు, మునిగి వాలిన ఆకు చూపులకు ఒక్కటే. భ్రాంతి ఇక్కడే. రజ్జుసర్ప దృష్టాంతంలో పాము లేకపోయినా భయపడినవాడు కనీసం పాముకు హాని చేయడు. నేను లేని దాహాన్ని చూసి ఉన్న ప్రాణాన్ని తీశాను.

ఈ విషయంలో నన్ను ఎక్కువ కలవరపెట్టినది మరొకటి. నేను అలసత్వంతో మొక్కలను చంపలేదు, నియమంతో చంపాను. నిత్యకర్మ స్వభావమే అట్టిది. సంధ్యావందనం సూర్యునికి అవసరమా అని ఎవరూ అడగరు. కాలం వచ్చింది, చేయాలి, చేయకపోతే ప్రత్యవాయం. దానిలో చూడవలసిన ఎదుటివాడు లేడు, శుద్ధి పొందవలసిన కర్త మాత్రమే ఉన్నాడు. సేవ అట్లా కాదు. సేవలో ఎదుట ఒక ప్రాణి ఉన్నది, దానికి ఆకలి ఉన్నది, అజీర్ణమూ ఉన్నది. సేవను నిత్యకర్మగా చేసినవాడు ఎదుటి ప్రాణిని చూడడం మానేస్తాడు. నా పదకొండు చెంబులూ మొక్కలకు కావు, నా నియమానికి.

ఇది వ్రాయడానికి సంకోచిస్తున్నాను గాని వ్రాస్తాను. మా అమ్మగారు చివరి నాలుగు మాసాలు మంచంలో ఉన్నారు. ఏడింటికి పాలు, తొమ్మిదింటికి ఇడ్లీ, పన్నెండింటికి మెత్తని అన్నం. గడియారం చూసి నేనే తినిపించేవాణ్ణి. ముఖం అటు త్రిప్పుకున్నా బుజ్జగించి నోట పెట్టేవాణ్ణి. బంధువులు నన్ను శ్రవణకుమారుడన్నారు, నేను సంతోషించాను. ఒకనాడు ఆమె, "ఆకలైతే నేనే అడుగుతాను నాయనా" అన్నారు. ఆ మాట విన్నాను, గిన్నె మాత్రం దించలేదు. మొక్కలతని దుకాణం నుండి తిరిగి వస్తూ, ఫీవర్ ఆసుపత్రి దాటిన తరువాత, ఆటోలో ఆ మాట మళ్ళీ వినబడింది.

ఇక మొక్కల సంగతి. ఆ తరువాత నేను నేర్చుకున్నది చెబుతాను; అపార్ట్‌మెంట్లలో ఉండే పాఠకులకు పనికి రావచ్చు.

అన్నిటికంటే ముందు వెలుగు. ఈ విషయంలో మన నేత్రం నమ్మదగిన ప్రమాణం కాదు. మధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్స్ ఉంటే, కిటికీకి దూరంగా గది లోపల కొన్ని వందలకు మించదు. కన్ను తనను తాను సర్దుకొని రెండింటినీ 'వెలుతురు' అనే ఒకే మాటతో సరిపెడుతుంది. ఆకు అట్లా సరిపెట్టుకోలేదు. వెలుగు తగ్గితే అది ఆహారం తక్కువగా తయారు చేస్తుంది, నీటినీ తక్కువగా వాడుతుంది. కనుక నీటి కొలత కిటికీని బట్టి ఉండాలి గాని కుండీ పరిమాణాన్ని బట్టి మాత్రమే కాదు. మా ఉత్తరపు కిటికీ దగ్గర మనీప్లాంటు, పీస్ లిల్లీ సుఖంగా ఉన్నాయి. ఎండ కోరే క్రోటన్లను బాల్కనీకి మార్చాను. అక్కడ ఆకుల రంగులు తిరిగి వచ్చాయి.

వేలు పెట్టి చూడడమే తక్కిన శాస్త్రమంతా. రెండు కణుపుల లోతు పొడిగా ఉంటే నిండుగా పోయాలి, అడుగు రంధ్రం నుండి కారేటంతగా. తరువాత తిరిగి ఆరేదాకా పోయరాదు. రోజూ కొంచెం కొంచెం పోయడం కంటె ఇది మేలు. స్నేక్ ప్లాంటుకు, జెడ్ జెడ్‌కు మట్టి మొత్తం ఎండాలి. వర్షాకాలంలో మా ఇంట వాటికి మూడు వారాలకు ఒకసారి పోసినా అధికమే. జెడ్ జెడ్ మట్టి క్రింద దుంపలలో నీరు దాచుకుంటుంది. స్నేక్ ప్లాంటు పగలు ఆకురంధ్రాలను మూసుకొని రాత్రివేళ తెరుస్తుంది. ఎండలో నీరు ఆవిరి కాకుండా అది పాటించే సంయమం. గీత రెండవ అధ్యాయంలోని సంయమి మేలుకొనే రాత్రి నాకు స్ఫురించింది. అయితే అది రాత్రంతా మనకు ప్రాణవాయువు ఇస్తుందని చెప్పేవారి మాట సరికాదు. రాత్రి అది బొగ్గుపులుసు వాయువును గ్రహించి దాచుకుంటుంది. ప్రాణవాయువు వెలువడేది వెలుగు సోకినప్పుడే.

ఈ జాతికి చెందిన మన దేశపు మొక్క ఒకటి ఉంది, చాగనార. క్షత్రియ వటువు మేఖలకు మనువు విధించిన మూర్వ ఇదేనని కొందరు, వేరొక లత అని కొందరు. వింటినారికి 'మౌర్వి' అన్న పేరు ఆ మూర్వ నుండే వచ్చింది. అది తెలిసిన తరువాత ఆ కుండీని విదేశీయమని నిందించడం మానుకున్నాను.

మట్టి విషయంలో నర్సరీల ఎర్రమట్టి ఒక్కటే వాడితే కొన్నాళ్ళకు ఇటుకలా గట్టిపడుతుంది. దానికి సమానంగా కొబ్బరిపొట్టు, కొంత ఇసుక, కొంత వానపాముల ఎరువు కలిపితే 'పవనం' నిలుస్తుంది. రంధ్రం లేని పింగాణీ కుండీలు, ఎంత అందమైనవైనా, నా దృష్టిలో మొక్కకు కారాగారాలు. ఆకుల మీద ధూళిని వారానికొకసారి తడిగుడ్డతో తుడవాలి. మన రోడ్ల ధూళికి ఇది తప్పదు. దూది పింజల్లా పిండినల్లి కనబడితే వేపనూనె, కొద్దిగా సబ్బునీరు. బోరునీటి లవణాలకు అరెకా పామ్ ఆకుల కొనలు మాడతాయి. వాననీరు పట్టి పోస్తే దానికి పండుగే. వేసవిలో కూలరు గాలికి ఎదురుగా ఏ మొక్కనూ పెట్టరాదు.

వృక్షచికిత్స మన పూర్వులకు కొత్త కాదు. సురపాలుడు రచించిన వృక్షాయుర్వేదం వ్రాతప్రతి ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ గ్రంథాలయంలో నిలిచి ఉండగా, డాక్టర్ వై. ఎల్. నేనే దాని నకలు తెప్పించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సంస్కృతాచార్యులైన నళినీ సాధలే ఆంగ్లంలోకి అనువదించారు. 1996లో మన సికింద్రాబాదు నుండే ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్ ప్రచురించింది. మానవులకు వలెనే వృక్షాలకు వాత, పిత్త, కఫ దోషాలను నిరూపించిన గ్రంథం అది. నల్లకుంటకు ఇంత సమీపంలో ఇంత పని జరిగితే, సంస్కృతం చెప్పుకొని బ్రతికిన నేను ఐదు కుండీలు పోయేదాకా దానిని తెరవలేదు.

లోకంలో ప్రచారంలో ఉన్న కొన్ని మాటలను గురించి కూడా. మనీప్లాంటు కొమ్మను దొంగిలించి తెచ్చి నాటితేనే ధనం కలిసివస్తుందని అంటారు. మా మెట్ల ప్రక్కన పెట్టిన తీగ ఇందువల్లనే ఏటా రెండుసార్లు కురచ అవుతుంది. అస్తేయాన్ని యమాలలో చేర్చిన పతంజలి దేశంలో ఈ విశ్వాసం ఎట్లా పుట్టిందో! కావలసినవారు తలుపు తట్టి అడగండి, కణుపు ఉన్న కొమ్మ కోసి ఇస్తాను. కణుపు లేనిదే వేరు రాదు, దొంగిలించినా రాదు.

దానిని సీసా నీటిలో పెంచేవారు వారానికొకసారి తప్పక నీరు మార్చాలి, కుండీల క్రింది పళ్ళేలు ఒంపి తుడవాలి. డెంగీని మోసే దోమ మురుగులో కాదు, ఇట్టి స్వచ్ఛజలంలోనే గుడ్లు పెడుతుంది. వారం, పది దినాలలో ఆ గుడ్డు రెక్కలు కట్టుకుంటుంది. వర్షాకాలంలో మా పేట ఫీవర్ ఆసుపత్రి ముందు వరుసలు చూసేవారికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు. ఆ ఆసుపత్రి అధికార నామం సర్ రోనాల్డ్ రాస్ పేరు మీదనే ఉంది. 1897లో సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసినవాడు ఆయనే.

పసిపిల్లలున్న ఇంట మరొక జాగ్రత్త. మనీప్లాంటు, పీస్ లిల్లీ రెండూ మన చేమ, కంద కుటుంబానికి చెందినవే. కంద కోస్తే చేయి దురద పుట్టించే సూదుల వంటి స్ఫటికాలే వీటి ఆకులలోనూ ఉంటాయి. పిల్లవాడు నమిలితే నోరు మండి వాస్తుంది. మనుమడు వస్తున్నాడని తెలియగానే వీటిని ఎత్తైన బల్ల మీదికి ఎక్కించాను.

ఇంటిలో మొక్కలు గాలిని శుద్ధి చేస్తాయన్నది మరొక మాట. 1989లో నాసా సంస్థ చిన్న మూసిన గదులలో చేసిన ప్రయోగం దీనికి మూలం. 2019లో అమెరికన్ పరిశోధకులు ఇట్టి ప్రయోగాలను తిరిగి లెక్కవేసి, సాధారణ గృహంలో గాలి రాకపోకలతో సమానమైన ఫలం కావాలంటే చదరపు మీటరుకు పది నుండి వెయ్యి మొక్కలు ఉంచవలసి వస్తుందని తేల్చారు. కిటికీ తెరవడం సులభం. మొక్కను ఫలాపేక్షతో పెంచేవారికి ఇది నిరాశ కావచ్చు.

అన్నిటికంటే భక్తులు ఎక్కువగా బాధపడేది తులసి విషయంలో. ఫ్లాటులో తులసి ఎండిపోతే ఇంటికి ఏదో కీడు అని కలతపడి ఫోను చేసేవారు నాకు ఉన్నారు. హాలులో, దేవుని అలమర ప్రక్కన, ట్యూబులైటు క్రింద తులసిని ఉంచితే అది ఎండడం అపశకునం కాదు, అనివార్యం. దానికి దినానికి నాలుగైదు గంటల సూర్యరశ్మి కావాలి. వెన్నులు వచ్చినప్పుడు త్రుంచుతూ ఉండాలి. విత్తనం కట్టనిస్తే మొక్క త్వరగా వడలుతుంది. ఆ మంజరులనే అర్చనకు వాడుకోవచ్చు. ఎండ తగలని ఇంట తులసిని పెట్టి, అది పోయినప్పుడల్లా భయపడడం కంటె, తూర్పు బాల్కనీ ఉన్న పొరుగువారి తులసికి నమస్కరించి రావడం ఉత్తమమని నా అభిప్రాయం.

పీస్ లిల్లీ సంగతి చెప్పలేదు. మొక్కలతడు కుళ్ళిన వేళ్ళన్నీ కత్తిరించి వెదకగా మధ్యలో ఒక పిలకకు నాలుగు తెల్లని వేళ్ళు మిగిలి ఉన్నాయి. దానిని చిన్న మట్టికుండీలో నాటి ఇచ్చి, డబ్బు పుచ్చుకోలేదు. ఆ రాత్రే ఫోనులో జరిగినదంతా చెప్పాను. అవతల చాలాసేపు నిశ్శబ్దం. పిల్లవాడు ఏడుస్తున్నాడని ఫోను పెట్టేసింది.

కార్తికమాసంలో ఆమె తిరిగి వచ్చింది. చెప్పులు విడిచి, సామాను గుమ్మంలోనే వదలి, తిన్నగా కిటికీ దగ్గరకు వెళ్ళింది. ఖాళీ కుండీలు ఐదింటినీ నేను కడిగి వరుసగా బోర్లించి ఉంచాను. వాటి వంక చూసి ఏమీ అనలేదు. చిన్న కుండీలో పిలక మూడు ఆకులు వేసి, నాలుగవ ఆకు చుట్టగా పైకి వస్తూ ఉన్నది. ఆమె మట్టిలో వేలు పెట్టి చూసింది.

"ఇవాళ వద్దు" అన్నది. తరువాత, "పోసి ఎన్ని రోజులైంది?" అని అడిగింది.

"లెక్క పెట్టలేదు" అన్నాను.